కష్టకాలమున కట్టుబట్ట

మన ఇండ్లలో ఒక మాట తరచుగా వినబడుచుండును. ఇంట కష్టము వచ్చిన వేళ ఏ ఇల్లాలైనను తల దువ్వుకొని, ఉతికిన చీర కట్టుకొని వీధిలోనికి వచ్చినచో, "ఇంట ఇంత జరిగినది, ఈమెకు ముస్తాబు ఒకటా!" అని ఇరుగుపొరుగువారు ముక్కున వేలు వేసికొందురు. పని పోయిన మగవాడు ఇస్త్రీ చొక్కా తొడుగుకొని బయలుదేరినను ఇదే వ్యాఖ్యానము. కష్టమున నున్నవారు కష్టమున నున్నట్లే కనబడవలెననియు, మాసిన బట్టయే దుఃఖమునకు సాక్ష్యమనియు మనలో ఒక తలంపు వేరూనియున్నది. ఈ తలంపు సరియైనది కాదనియు, దీనివలన మనవారికి, అందును ముఖ్యముగా మన స్త్రీలకు, చాల కీడు కలుగుచున్నదనియు మా అభిప్రాయము.

మేము చెప్పదలచినది ఒక్కటే. కష్టకాలమున శుభ్రమైనదియు, తన మనసునకు నచ్చినదియు అగు బట్ట కట్టుకొనుట విలాసము కాదు. చేతిలో మరేమియు లేనప్పుడు మనిషి తన్ను తాను నిలబెట్టుకొనుటకు చేయగల మొదటి పని అది. ఆ పనిని ఎవరును మానరాదు, ఎవరిచేతను మాన్పింపరాదు.

ఈ సంగతిని ఎరుగుటకు గుడియాత్తమువారికన్న తగినవారు లేరు. ఆ ఊరు నేతకు, అందును లుంగీల నేతకు, పేరుపడ్డ ఊరు. అచ్చటి మగ్గములపై పడుగు సాచి, నాడె ఆడించి, ఊరూరివారికి కట్టుబట్ట ఇచ్చినవారిలో తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా ఉన్నవి. దేవలమహర్షి విష్ణుమూర్తి నాభికమలమునుండి నూలు తెచ్చి దేవతలకును మానవులకును వస్త్రములు నేసి ఇచ్చెనని నేతవారి యిండ్లలో చెప్పుకొను కథ కలదు. కథ కథయే యగుగాక. దాని లోపలి భావము గ్రహింపదగినది. అన్నముతోపాటు వస్త్రమును మనిషికి మానము నిచ్చునదియే యని మన పెద్దలు తలచిరి. "అన్నవస్త్రములు" అని రెంటిని జంటగా కలిపి పలుకుట మన భాషలోని వాడుకయే కదా.

అట్టి ఊరికే బట్ట కరవైన దినములు వచ్చినవి. 2020 మార్చి 25వ తేదీన దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు సంతలు లేవు, పెండ్లిండ్లు లేవు, నేసిన సరుకు కొనువారు లేరు. ఆ పిదప 2021, 2022 సంవత్సరములలో నూలు ధర పెరిగి చిన్న నేతగాడు కోలుకొనుటకు వీలులేకపోయెను. దేశమంతటి సంగతి చూచినను ఇంతే. 2019-20 నాటి చేనేత జనాభా లెక్కలలో చేనేత పనివారు 35 లక్షలకు పైగా తేలిరి. వారిలో స్త్రీలే ఎక్కువ. నేత కుటుంబములలో ఇంచుమించు మూడింట రెండువంతులకు నెలసరి ఆదాయము 5,000 రూపాయలకు లోపే యని అదే లెక్క చెప్పినది. ఊరికి బట్ట నేయువాని ఇంట పండుగకు కొత్తబట్ట లేకపోవుట ఎంతటి విపరీతమో వేరుగా చెప్పనక్కరలేదు.

మగ్గము ఆగిన ఇంట ఏమి జరుగునో మనము ఎరుగుదుము. మొదటి వారము మనిషి దిగులుగా కూర్చుండును. రెండవ వారము గడ్డము గీసికొనుట మానును. తరువాత స్నానమునకు వేళ తప్పును. కట్టిన లుంగీయే కట్టును. ఎవరైన పిలిచినను గడప దాటడు. ఇల్లాలు తల దువ్వుకొనుట సాయంకాలమునకు, సాయంకాలమునుండి మరునాటికి జరుగుచుండును. ఇది సోమరితనము కాదు. పని పోయినప్పుడు పనితోపాటు దినమునకుండు కట్టుబాటు కూడ పోవును. ఆ కట్టుబాటును మరల తెచ్చుకొనుటకు స్నానము, తల దువ్వుకొనుట, ఉతికిన బట్ట అను మూడును ఖర్చులేని సాధనములు. తెల్లవారి స్నానముచేసి, ఉతికి ఆరవేసిన లుంగీ కట్టుకొని, పని లేకున్నను పొరుగువారికి నాలుగు కండెలైనను చుట్టియిచ్చిన ఇండ్లు ఆ దినములలో కొన్ని ఉండెను. వారి ఇండ్లలో బియ్యము ఎక్కువగా నుండెనని కాదు. మరల పని పిలుపు వచ్చిన నాడు లేచి పోగల మనసు వారికి మిగిలియుండెను. తేడా అది.

2021 నవంబరులో మరియొక దెబ్బ తగిలినది. వానలకు మోర్దానా జలాశయము నిండి పొరలి, కౌండిన్యానది గుడియాత్తము పల్లపు వీధులలోనికి వచ్చెను. ఇట్టి వరదలలో ఇంట నీరు చొచ్చిన కుటుంబములు కట్టుబట్టలతో బయటపడును. అన్నపు పొట్లములు వచ్చును, చాపలు వచ్చును, పాతబట్టల మూటలును వచ్చును. వాటి విషయమున ఒక కఠినసత్యము చెప్పక తప్పదు. వరద వచ్చిన ప్రతి ఊరను ఆ మూటలు విప్పి చూచినచో గుండీలు లేని చొక్కాలు, మరకల చీరలు, ఒకరి కొలతకును సరిపడని జాకెట్లు బయటపడును. ఇచ్చువారు తమ బీరువా ఖాళీ చేసికొనుచున్నారే గాని ఎదుటివారికి బట్ట ఇచ్చుటలేదు. వరదలో సర్వము పోయిన స్త్రీ ఆ మూటలోనుండి చినిగిన చీర ఏరుకొనునప్పుడు ఆమెకు ఒడలు కప్పబడునేమో గాని మనసు ఇంకను క్రుంగును. చీర ఒకటియే యైనను ఉతికి, మడతపెట్టి, జతకు జాకెట్టుతో ఇచ్చినచో ఆమె మరునాడు పనికి పోవుటకు వెనుదీయదు. దానమునకు పనికివచ్చునది మనము కట్టుకొనగలిగిన బట్ట మాత్రమే.

గుడియాత్తమునుండి రాయవేలూరు వైపు వచ్చినచో ఇదే సంగతికి మరియొక నిదర్శనము కనబడును. క్రైస్తవ వైద్యకళాశాలకు 1946లో వచ్చిన డాక్టరు పాల్ బ్రాండు కుష్ఠురోగుల వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సచేత సరిచేసి ప్రపంచమున పేరొందెను. చేతులు బాగుపడినవారికి పనులు నేర్పుటకు నవజీవన నిలయము ఏర్పడెను. ఐనను ఒక చిక్కు మిగిలెను. చేతులు పనిచేయుచున్నను, రోగము నయమైనను, వారికి ఊళ్లలో ఎవరును పని ఇయ్యలేదు. కారణము వారి ముఖము. కనుబొమలు రాలిపోయి, ముక్కు కుంగి, చూచిన తోడనే జనులు తొలగిపోవుచుండిరి. అప్పుడు ఆ వైద్యులు తలమీది వెండ్రుకలుగల చర్మమును తెచ్చి కనుబొమలుగా అమర్చుటకును, ముక్కును నిలబెట్టుటకును పూనుకొనిరి. కనుబొమలు లేకున్న ప్రాణమునకు మోసము లేదు. కాని అవి వచ్చిన తరువాతనే ఆ మనుష్యులు తలయెత్తి సంతకు పోగలిగిరి. రూపముకొరకు చేసినది వ్యర్థాలంకారమని ఆ రోగులయెదుట ఎవరనగలరు?

కాట్పాడికి సమీపమున కరిగిరి యందు 1955లో నెలకొన్న షెఫలిన్ కుష్ఠు పరిశోధనాసంస్థ ఈ పనినే మరింత విస్తరింపజేసినది. స్పర్శజ్ఞానము పోయిన పాదములకు మెత్తని రబ్బరు చెప్పులు ఈ ప్రాంతముననే రూపొందినవి. ప్రత్యేకముగా కనబడు చెప్పును తొడుగుటకు రోగులు వెనుదీయుదురనియు, నలుగురు తొడుగు చెప్పువలె నున్నప్పుడే ఇష్టముతో తొడుగుదురనియు ఆ వైద్యము చేయువారందరును ఎరుగుదురు.

డాక్టరు మేరీ వర్గీసుగారి కథ మన ఊరివారికి కొత్తది కాదు. 1954లో కారు ప్రమాదమున నడుము క్రిందిభాగము చచ్చుబడినను, చక్రముల కుర్చీలో కూర్చుండి ఆమె రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. 1966లో రాయవేలూరున పునరావాస వైద్యశాల ఆమె నాయకత్వముననే ప్రారంభమయ్యెను. ఇట్టి వైద్యశాలలలో వెన్నెముక దెబ్బతిన్నవారికి మొదట నేర్పు పనులలో తన బట్ట తాను కట్టుకొనుట ఒకటి. నడక రాకమునుపే చొక్కా తొడుగుకొనుట నేర్పుదురు. ఒకరిచేత కట్టించుకొనువాడు రోగి. తనకు తాను కట్టుకొనువాడు ఆ మేరకు తిరిగి మనిషియైనవాడు.

ఈ నాటికిని చిత్తూరు, అనంతపురము, నెల్లూరు జిల్లాలనుండి మన భాషవారు వైద్యమునకై రాయవేలూరు వచ్చి, వారములకొలది అద్దె గదులలో ఉందురు. రోగితో వచ్చిన తల్లియో భార్యయో తన్ను తాను పూర్తిగా మరచి, వచ్చిననాటి చీరతోనే మందుల దుకాణముల వెంట తిరుగుచుండుట మన కండ్లయెదుట జరుగుచున్నది. ఇట్టివారు కనబడినప్పుడు, "అమ్మా, మా ఇంట స్నానము చేసి, చీర ఉతికి ఆరవేసికొని పొండు" అని పిలువగలిగిన తెలుగిండ్లు ఈ ఊర ఎన్నియో ఉన్నవి. ఆ పిలుపు ఒక పూట భోజనమునకు తక్కువైన ఉపకారము కాదు.

ఇది మన దేశమున మాత్రమే ఉన్న సంగతి కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండులో 1941 జూన్ 1వ తేదీనుండి బట్టలకు కూపన్లు పెట్టిరి. మొదటి యేట పెద్దవారికి తలకు 66 కూపన్లు. ఆ పద్ధతి 1949 మార్చివరకు సాగెను. మీద బాంబులు పడుచున్నను ఆ ప్రభుత్వము ప్రజలను చిరుగులతో తిరుగుడని చెప్పలేదు. పాతకోటును విప్పి పిల్లవానికి గౌనుగానో చొక్కాగానో కుట్టుటయెట్లు, అతుకు కనబడకుండ అతుకుటయెట్లు అని చిన్న పుస్తకములు అచ్చువేసి పంచెను. కొరతకు లోబడుట వేరు, కొరతలోనే చక్కగా నుండుట వేరు అని వారు గ్రహించిరి.

మనసునకును బట్టకును గల సంబంధమును శాస్త్రజ్ఞులు కూడ పరీక్షించిరి. 2012లో అమెరికాలో ఆడం, గలిన్స్కీ అను ఇరువురు ఒక తెల్లకోటును కొందరిచేత తొడిగించిరి. అది వైద్యుని కోటని చెప్పినవారు, చిత్రకారుని కోటని చెప్పినవారికన్న ఎక్కువ శ్రద్ధతో పని చేసిరని ప్రకటించిరి. ఆ పరిశోధనలోని ఒక పరీక్షను 2019లో ఇతరులు తిరిగి చేసి చూడగా ఆ ఫలితము రాలేదు. కావున ఈ విషయమున శాస్త్రమును మించి మాటలాడుట మాకిష్టము లేదు. బట్ట మార్చినంతనే బుద్ధి మారునని మేమనము. అలుకగానే పండుగ కాదు. కాని అలుకని ఇంట పండుగ రాదు గదా!

ఇచ్చట ఒక ఆక్షేపణ రాగలదు. "మీరు చెప్పునది విని మనవారు బట్టలకై మరింత అప్పులపాలగుదురు" అని. ఆక్షేపణ న్యాయమైనదే. పెండ్లిలో పెట్టుబడి చీరల లెక్క, ఎవరి పట్టు ఎంత బరువని పేరంటములలో కొంగు పట్టి చూచుట, తాకట్టు సొమ్ముతో జరీ కొనుట మనలో లేకపోలేదు. పట్టుచీర లేదని దగ్గర చుట్టముల పెండ్లికే పోక ఇంట కూర్చున్న ఆడవారున్నారు. ఎరువుసొమ్ము బరువుచేటు అని పెద్దలు ఊరక అనలేదు. ఇట్టి వస్త్రము మనసును ఎత్తదు. నెలనెల వడ్డీగా నెత్తిన కూర్చుండును. మేము కోరునది దానికి నేరుగా ఎదురైనది. ఉన్న నూలుచీరనే ఉతికి, గంజిపెట్టి, కుచ్చెళ్లు సరిచేసి కట్టుకొనుట. ఉన్న రెండు చొక్కాలలో ఒకటి ఎప్పుడును ఉతికి యుండునట్లు చూచుకొనుట. నలుగురి కంటికై కట్టునది ఆడంబరము, తన నిలుకడకై కట్టునది అలంకారము.

బట్ట తక్కువైనంత మాత్రమున గౌరవము తగ్గదనుటకు మనకు దూరము పోనక్కరలేదు. ఖద్దరు కొనుటకు కూడ శక్తిలేని బీదలున్నారని ఎరిగి గాంధీమహాత్ముడు 1921 సెప్టెంబరు 22వ తేదీన మధురలో కొల్లాయి కట్టెను. 1931లో అదే వేషమున ఇంగ్లండు రాజుగారి సౌధమునకు పోయెను. ఆ కొల్లాయి తానుగా ఎంచుకొన్నది. ఒకరు బలవంతముగా కట్టించినది కాదు. అందుకే అది ఆయనను చిన్నబుచ్చలేదు.

ఈ మాట మమ్ము అన్నిటికంటె బరువైన విషయమునకు తెచ్చినది. ఎంచుకొనక, బలవంతముగా కట్టింపబడు వేషము మన ఇండ్లలో ఇంకను ఒకటి ఉన్నది. భర్త పోయిన స్త్రీకి ఆ దుఃఖదినముననే గాజులు పగులగొట్టి, బొట్టు తుడిచి, రంగుచీర తీసివేయు ఆచారము చాల ఇండ్లలో సడలినను, పూర్తిగా పోలేదు. దుఃఖమున నున్న మనిషికి మంచిబట్ట ఊరటనిచ్చునని ఒప్పుకొన్నచో, దుఃఖము శిఖరమందుకొన్న వేళ ఆమెకున్న ఆ కొద్ది ఊరటను మనమే లాగికొనుట ఏ ధర్మము? పది దినములు కన్నీరు కార్చి, పదకొండవనాడు పిల్లల బడికో కూలికో పోవలసిన స్త్రీ ఆమె. ఆమెకు ఊతము కావలసినప్పుడు గుర్తు వేసి వీధిలోనికి పంపుచున్నాము. శుభకార్యములలో ఆమెను వెనుకకు నిలుపుటకు ఆ గుర్తు అక్కరకు వచ్చుచున్నది.

కందుకూరి వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపినది 1881 డిసెంబరు 11వ తేదీన. ఆ తరువాత ఎన్ని తరములు గడచినవో లెక్కించుకొనవచ్చును. మహారాష్ట్రమున కొల్హాపురము జిల్లాలోని హెర్వాడు అను పల్లె 2022 మే నెలలో గ్రామసభ జరిపి, గాజులు పగులగొట్టుట, కుంకుమ తుడుచుట మొదలగు ఆచారములను మానవలెనని తీర్మానించినది. అది పెద్ద నగరము కాదు, మన పల్లెలవంటి పల్లెయే. అచ్చటివారు చేయగలిగినది మనము చేయలేమా? ఏ రంగు కట్టవలెనో, బొట్టు పెట్టవలెనో మానవలెనో అను నిర్ణయము ఆ తల్లిది, ఆ చెల్లెలిది. తెల్లచీరయే ఆమెకు శాంతినిచ్చినచో అదియును మంచిదే. నిర్ణయము ఆమెది కావలెనన్నదే మా మాట.

మనోవ్యథ విషయమున ఇంకొక హెచ్చరిక చేయవలసియున్నది. స్నానమునకు లేవలేకపోవుట, బట్టపై శ్రద్ధ పూర్తిగా పోవుట, నిద్రాహారములు తప్పుట వారములకొలది సాగినచో అది మందలింపులకు లొంగునది కాదు. అది వ్యాధి. "మంచి చీర కట్టుకో, సరిపోవును" అని చెప్పి ఊరకుండుట ద్రోహమగును. రాయవేలూరున బాగాయమునందు మానసిక వైద్యశాల ఉన్నది. రోగితోపాటు కుటుంబమువారిని కూడ ఉంచుకొని చికిత్స చేయుట అచ్చటి పద్ధతి. సిగ్గుపడక తీసికొని పోవలెను.

ఇక ఆచరణకు సంబంధించి మన కుటుంబములకు మేము విన్నవించునవి కొన్ని కలవు. మన ఉగాది కూటములకు నూలుబట్టతో వచ్చుటయే మర్యాదయని అందరము ఒప్పుకొందము. పట్టు లేనివారు ఇంట ఆగిపోవుట దానితో తీరును. ఆ నూలుబట్ట గుడియాత్తపు మగ్గముమీదిదైనచో మరింత మేలు. ఒక్క చీర, ఒక్క లుంగీ కొన్నచో కట్టినవారికిని నేసినవారికిని రెండు మనసులు తేరుకొనును. 1905 నాటి స్వదేశీ ఉద్యమమునకు గుర్తుగా ఆగస్టు 7వ తేదీని 2015నుండి జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు; ఆ నాడైనను ఈ నియమము పాటింపవచ్చును. ఆపదలో నున్నవారికి బట్టలిచ్చునప్పుడు మనము కట్టుకొనదగినవే ఇయ్యవలెను. భర్త పోయిన ఇంటికి పరామర్శకు పోవు ముత్తైదువలు ఆ ఇల్లాలి గాజులమీద చేయి వేయక, ఆమె భుజముమీద చేయి వేయవలెను.

చివరగా, కష్టమున నున్న ఇంటినుండి ఎవరైన చక్కగా కట్టుకొని వీధిలోనికి వచ్చినప్పుడు, "ఈ వేళ బాగున్నావమ్మా" అని ఒక్క మాట అనుడు. ముక్కున వేలు వేసికొనుటకు పట్టు కాలము కూడ దానికి పట్టదు.